పరిశోధక విద్యార్థుల నియామక షరతులు: కోయంబత్తూరు, మదురై

పీహెచ్‌డీ పట్టా కోసం పనిచేస్తున్న అభ్యర్థికీ, అతనికి చోటిచ్చిన విశ్వవిద్యాలయానికీ, భృతి చెల్లించే సంస్థకూ మధ్య వర్తించే నిబంధనలనే పరిశోధక విద్యార్థుల నియామక షరతులు అంటారు. నెలసరి భృతి, ఇంటి అద్దె భత్యం, కాలపరిమితి, బోధన బాధ్యత, సెలవులు, మేధోహక్కులు, ఫిర్యాదుల పరిష్కారం వీటి పరిధిలోకి వస్తాయి. ఉత్తర ఐరోపాలోని పలు దేశాల్లో ఇవన్నీ ఒకే ఉద్యోగ ఒప్పందంలో ఉంటాయి. భారతదేశంలో అలాంటి ఒకే పత్రం సాధారణంగా ఉండదు. ప్రవేశ ఉత్తర్వు, ఫెలోషిప్ మంజూరు పత్రం, విశ్వవిద్యాలయ పీహెచ్‌డీ నిబంధనలు, విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నియమావళి కలిసి ఒప్పందం చేసే పని చేస్తాయి. తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన కోయంబత్తూరు, మదురై నగరాల విద్యాసంస్థలకు ఈ షరతులు ఎలా వర్తిస్తాయో ఈ వ్యాసం వివరిస్తుంది.

నిర్వచనం, పరిభాష

పరిశోధక విద్యార్థి: పీహెచ్‌డీకి నమోదైన అభ్యర్థి. వాడుకలో రీసెర్చ్ స్కాలర్, లేదా ఉత్త స్కాలర్ అంటారు. భృతి ఉన్నా లేకపోయినా ఈ పేరే వర్తిస్తుంది.

జేఆర్‌ఎఫ్, ఎస్‌ఆర్‌ఎఫ్: జూనియర్, సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌లకు పొట్టి పేర్లు. ఫెలోషిప్‌నూ, దాన్ని పొందేవారినీ ఇవే పేర్లతో పిలుస్తారు.

ప్రాజెక్టు ఫెలో: ఒక ఆచార్యుడి పేరిట మంజూరైన పరిశోధన ప్రాజెక్టు నిధుల నుంచి జీతం పొందే తాత్కాలిక సిబ్బంది. పీహెచ్‌డీకి నమోదు కాకుండా కూడా ఈ పనిలో ఉండవచ్చు.

పార్ట్‌టైమ్ స్కాలర్: వేరే చోట ఉద్యోగం చేసుకుంటూ పీహెచ్‌డీ చేసే అభ్యర్థి.

గైడ్: పరిశోధన పర్యవేక్షకుడు. కాంటింజెన్సీ: పుస్తకాలు, రసాయనాలు, ప్రయాణం వంటి ఖర్చులకు ఏటా ఇచ్చే నిధి.

ప్రాంతం, సంస్థలు

విజయనగర, నాయక రాజుల కాలంలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో మదురైకీ, కోయంబత్తూరు ఉన్న కొంగు ప్రాంతానికీ వలస వచ్చాయి. ఈ కుటుంబాల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు; చదువు, రాత తమిళంలోనో ఇంగ్లిషులోనో సాగుతాయి. కోయంబత్తూరులోని కొన్ని ప్రధాన విద్యాసంస్థలను తెలుగు మూలాలున్న కుటుంబాలే స్థాపించాయి. పి.ఎస్. గోవిందస్వామి నాయుడు కుమారులు 1926లో పీఎస్‌జీ అండ్ సన్స్ ఛారిటీస్ నెలకొల్పారు. ఆ సంస్థ ఆధ్వర్యంలో 1951లో పీఎస్‌జీ సాంకేతిక కళాశాల ఏర్పడింది.

కోయంబత్తూరులో పీహెచ్‌డీ పట్టాలిచ్చే ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ముఖ్యంగా రెండు. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం 1971లో ఏర్పడింది. దాని మూలాలు 1868లో సైదాపేటలో మొదలై 1906లో కోయంబత్తూరుకు మారిన వ్యవసాయ పాఠశాలలో ఉన్నాయి. మరుదమలై దిగువన ఉన్న భారతియార్ విశ్వవిద్యాలయం 1982లో ఏర్పడింది. 1912లో స్థాపితమైన చెరకు ప్రజనన సంస్థ, 1988లో వచ్చిన అటవీ జన్యుశాస్త్ర, వృక్ష ప్రజనన సంస్థ వంటి కేంద్ర పరిశోధన కేంద్రాలు కూడా ఇక్కడే ఉన్నాయి.

మదురైలో 1966లో మదురై విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1978లో దానికి కామరాజ్ పేరు పెట్టారు. ఇందులో తెలుగు శాఖ ఉంది. నాయక రాజుల కాలపు దక్షిణాంధ్ర సాహిత్యం ఈ ప్రాంతపు తెలుగు పరిశోధనకు సహజమైన విషయం. మదురైని పాలించిన విజయరంగ చొక్కనాథుడు స్వయంగా తెలుగు వచన రచయిత.

చరిత్ర

చదువుకొనేవారికి భృతి ఏర్పాటు చేయడం మదురైలో పాత సంప్రదాయం. జెసూట్ మతబోధకుడు రాబర్టో డి నోబిలి 1610లో రాసిన లేఖలో మదురైలో 10,000 మందికి పైగా విద్యార్థులు ఉన్నారనీ, తిండికి వెతుక్కోవలసిన అవసరం లేకుండా వారి పోషణకు నాయక రాజులు ఆదాయం కేటాయించారనీ పేర్కొన్నాడు. ఆ విద్యార్థులంతా బ్రాహ్మణులు. ఆ భృతికి కొలువు చేయాలన్న షరతు లేదు, చదువే షరతు.

ఆధునిక ఫెలోషిప్ పద్ధతి స్వాతంత్ర్యం వచ్చే కాలానికి రూపుదిద్దుకుంది. శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి, అంటే సీఎస్‌ఐఆర్, 1942లో ఏర్పడింది. 1953లో మొదలైన యూజీసీకి 1956లో చట్టబద్ధత లభించింది. జేఆర్‌ఎఫ్ ఎంపికకు జాతీయ పరీక్ష 1984లో మొదలైంది. 1989 నుంచి అధ్యాపక అర్హత పరీక్షను కూడా దానితో కలిపి నెట్ పేరుతో నిర్వహిస్తున్నారు. యూజీసీ నెట్ నిర్వహణ 2018 డిసెంబరు నుంచి జాతీయ పరీక్షల సంస్థ చేతికి వచ్చింది. తెలుగు ఈ పరీక్షలో 27వ సంఖ్య గల విషయం.

పీహెచ్‌డీ కనీస ప్రమాణాలపై యూజీసీ 2009, 2016, 2022 సంవత్సరాల్లో నియమావళులు ప్రకటించింది. 2022 నియమావళి ఎంఫిల్‌ను నిలిపివేసింది. సిద్ధాంత వ్యాసం సమర్పించే ముందు పరిశోధన పత్రం తప్పనిసరిగా ప్రచురించాలన్న నిబంధననూ తొలగించింది. 2024–25 విద్యా సంవత్సరం నుంచి నెట్ మార్కులతో పీహెచ్‌డీ ప్రవేశం పొందే వీలు కల్పించి, అర్హుల్ని మూడు తరగతులుగా విభజించారు: జేఆర్‌ఎఫ్‌తో పాటు అధ్యాపక అర్హత, పీహెచ్‌డీ ప్రవేశం మూడూ ఉన్నవారు, చివరి రెండే ఉన్నవారు, పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే అర్హులు. భృతి మొదటి తరగతికే వస్తుంది.

రకాలు

నిధుల మూలాన్ని బట్టి పరిశోధక విద్యార్థుల్ని ఐదు రకాలుగా చెప్పవచ్చు.

1. జాతీయ ఫెలోషిప్ పొందేవారు. యూజీసీ, సీఎస్‌ఐఆర్ జేఆర్‌ఎఫ్‌లు, 2008లో మొదలైన ఇన్‌స్పైర్, షెడ్యూల్డు కులాలకూ ఇతర వెనుకబడిన తరగతులకూ ఉద్దేశించిన జాతీయ ఫెలోషిప్‌లు ఇందులోకి వస్తాయి. మైనారిటీల మౌలానా ఆజాద్ ఫెలోషిప్ 2022–23 నుంచి కొత్తవారికి నిలిచిపోయింది.

2. రాష్ట్ర ప్రభుత్వ సహాయం పొందేవారు. పూర్తికాలం పీహెచ్‌డీ చేసే ఆదిద్రావిడ, గిరిజన విద్యార్థులకు తమిళనాడు ప్రభుత్వ ఉపకారవేతనం ఉంది. ఇది జాతీయ ఫెలోషిప్‌లా నెలవారీ భృతి కాదు, ఏడాదికి ఇంత అని ఇచ్చే మొత్తం.

3. విశ్వవిద్యాలయ ఫెలోషిప్ పొందేవారు. సంస్థ తన సొంత నిధుల నుంచి ఇస్తుంది. సంఖ్య, మొత్తం, కాలం ఆ సంస్థ సిండికేట్ నిర్ణయిస్తుంది. నెట్ లేనివారికి నెలకు 8,000 రూపాయలిచ్చే యూజీసీ పథకం కేంద్ర విశ్వవిద్యాలయాలకు ఉద్దేశించినది. రాష్ట్ర చట్టాల కింద ఏర్పడిన భారతియార్, మదురై కామరాజ్ విశ్వవిద్యాలయాలకు అది వర్తించదు.

4. ప్రాజెక్టు ఫెలోలు. వ్యవసాయ విశ్వవిద్యాలయంలోనూ కేంద్ర పరిశోధన సంస్థల్లోనూ వాక్-ఇన్ ఇంటర్వ్యూ ద్వారా నియమించే సిబ్బంది ఎక్కువగా ఈ కోవలోకి వస్తారు. నియామక ఉత్తర్వులో రెండు వాక్యాలు సాధారణంగా కనిపిస్తాయి: పదవి ప్రాజెక్టుతో పాటే ముగుస్తుంది; శాశ్వత ఉద్యోగానికి హక్కు ఉండదు.

5. భృతి లేనివారు, పార్ట్‌టైమ్ స్కాలర్లు. ప్రైవేటు కళాశాలలు ఎక్కువగా ఉన్న కోయంబత్తూరులో అధ్యాపకులుగా పనిచేస్తూ పీహెచ్‌డీ చేయడం పరిపాటి. వీరి జీతానికి సంబంధించిన ఒప్పందం కళాశాలతో ఉంటుంది, పరిశోధనకు సంబంధించిన షరతులు విశ్వవిద్యాలయంతో ఉంటాయి.

షరతులు

*భృతి.* జాతీయ జేఆర్‌ఎఫ్ రేట్లను కేంద్రం విడతలవారీగా సవరిస్తుంది. 2010లో జేఆర్‌ఎఫ్‌కు నెలకు 16,000, ఎస్‌ఆర్‌ఎఫ్‌కు 18,000 రూపాయలు ఉండేవి. 2014లో అవి 25,000, 28,000 అయ్యాయి. 2019 జనవరి 1 నుంచి 31,000, 35,000. 2023 జనవరి 1 నుంచి 37,000, 42,000. ఏటేటా పెరుగుదల గానీ కరువు భత్యం గానీ ఉండదు. తదుపరి సవరణ వచ్చేదాకా అదే మొత్తం కొనసాగుతుంది. యూజీసీ కాంటింజెన్సీ మానవీయ శాస్త్రాలకు మొదటి రెండేళ్లు ఏడాదికి 10,000, తర్వాత 20,500 రూపాయలు. విజ్ఞాన శాస్త్రాలకు 12,000, తర్వాత 25,000.

*ఇంటి అద్దె భత్యం.* కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల నిబంధనల మేరకు ఇస్తారు. కోయంబత్తూరు, మదురై రెండూ వై తరగతి నగరాలు. చెన్నై, హైదరాబాదు ఎక్స్ తరగతి. ఏడో వేతన సంఘం సిఫారసులను సవరించి కేంద్రం వై తరగతికి 16 శాతం నిర్ణయించి, కరువు భత్యం 25 శాతం దాటితే 18, 50 శాతానికి చేరితే 20 శాతం చేయాలని చెప్పింది. 37,000 రూపాయల మీద 18 శాతం 6,660, 20 శాతం 7,400 అవుతుంది. హాస్టల్‌లో ఉండేవారికి ఈ భత్యం రాదు.

*కాలపరిమితి.* ఫెలోషిప్ మొత్తం ఐదేళ్లు: జేఆర్‌ఎఫ్‌గా రెండు, ఎస్‌ఆర్‌ఎఫ్‌గా మూడు. రెండేళ్లు పూర్తయ్యాక ఒక నిపుణుల సంఘం పనిని పరిశీలించి పై స్థాయికి సిఫారసు చేయాలి. పీహెచ్‌డీ నమోదు లెక్క వేరు. 2022 నియమావళి ప్రకారం కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. తిరిగి నమోదు చేసుకుంటే మరో రెండేళ్లు. మహిళలకూ, 40 శాతానికి మించిన వైకల్యం ఉన్నవారికీ ఇంకో రెండేళ్లు, మొత్తం పదేళ్లు మించకుండా ఇస్తారు.

*పని.* కోర్సు పని 12 క్రెడిట్లకు తగ్గకూడదు. పరిశోధక విద్యార్థికి వారానికి 4 నుంచి 6 గంటలు ట్యుటోరియల్, ప్రయోగశాల తరగతులు, మూల్యాంకనం వంటి సహాయక పని అప్పగించవచ్చు. ప్రతి సెమిస్టరులో పరిశోధన సలహా సంఘం ముందు ప్రగతి వివరించాలి. ఆచార్యుడి వద్ద ఒకేసారి 8 మంది, సహ ఆచార్యుడి వద్ద 6, సహాయ ఆచార్యుడి వద్ద 4 మందికి మించి పీహెచ్‌డీ విద్యార్థులు ఉండకూడదు. గైడ్ సొంత పనులకు సంబంధించిన బాధ్యత ఏదీ ఈ నియమావళిలో లేదు.

*సెలవులు.* ప్రభుత్వ సెలవులు కాక ఏడాదికి 30 రోజులకు మించకుండా సెలవు తీసుకోవచ్చు. వేసవి, దసరా వంటి విద్యార్థుల సెలవులు ఫెలోలకు వర్తించవు. ప్రసూతి సెలవు భృతితో పాటు లభిస్తుంది. పీహెచ్‌డీ నమోదు కాలంలో మహిళలకు ప్రసూతి, శిశు సంరక్షణ కోసం 240 రోజుల వరకు సెలవు ఇవ్వవచ్చు. పెళ్లి వల్లనో మరో కారణం వల్లనో ఊరు మారవలసి వచ్చిన మహిళ తన పరిశోధన సమాచారాన్ని కొత్త సంస్థకు బదిలీ చేసుకోవచ్చు.

*చెల్లింపు.* యూజీసీ భృతి విద్యార్థి బ్యాంకు ఖాతాకే నేరుగా వస్తుంది. విద్యార్థి ఆ నెల పనిలో ఉన్నట్టు సంస్థ ఆన్‌లైన్‌లో ధ్రువీకరించాలి. ఒక ఉద్యోగి మేకర్‌గా వివరాలు నమోదు చేస్తే, మరొకరు చెకర్‌గా ఆమోదిస్తారు. ఈ రెండు మెట్లు పూర్తికాని నెలకు డబ్బు జమకాదు.

*ఇతర ఉద్యోగం.* ఫెలోషిప్ కాలంలో మరో చోట జీతం, భృతి తీసుకోకూడదు. పార్ట్‌టైమ్ స్కాలర్ తన యజమాని నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. పరిశోధనకు సమయం ఇస్తామనీ, అవసరమైతే కోర్సు పనికి రిలీవ్ చేస్తామనీ అందులో ఉండాలి.

*మేధోహక్కులు.* పేటెంటు హక్కులు ఆయా సంస్థల మేధోసంపత్తి విధానాన్ని, నిధులిచ్చిన సంస్థ షరతులను అనుసరిస్తాయి. రచన మీద హక్కు సంగతి వేరు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం రచయితే తొలి హక్కుదారు. ఉద్యోగ ఒప్పందం కింద చేసిన రచనకు మాత్రం, వేరే ఒప్పందం లేకపోతే, యజమాని హక్కుదారు అవుతాడు. పట్టా ప్రదానానికి ముందు సిద్ధాంత వ్యాసం ఎలక్ట్రానిక్ ప్రతిని శోధ్‌గంగ భాండాగారానికి అందజేయాలి.

చట్ట స్థితి

ఫెలోషిప్ పొందే విద్యార్థిని ఉద్యోగిగా పరిగణించరు. అందువల్ల ఫెలోషిప్‌కు భవిష్యనిధి జమ, గ్రాట్యుటీ, బోనస్, ప్రయాణ సెలవు రాయితీ ఉండవు. మరోవైపు, చదువు ఖర్చులకిచ్చే ఉపకారవేతనానికి 1961 ఆదాయపు పన్ను చట్టం 10వ సెక్షన్ 16వ క్లాజు మినహాయింపు ఇచ్చింది. జీతంగా పరిగణించే చెల్లింపుకు ఈ మినహాయింపు లేదు.

ప్రాజెక్టు సిబ్బంది పరిస్థితి విద్యార్థికీ ఉద్యోగికీ మధ్యలో ఉంటుంది. వారికి నియామక ఉత్తర్వు ఉంటుంది, కాని కాలం నిర్దిష్టం. కర్ణాటక ప్రభుత్వం, ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు 2006లో ఇచ్చిన తీర్పు ప్రకారం, తాత్కాలికంగా పనిచేసినంత మాత్రాన ప్రభుత్వ కొలువులో క్రమబద్ధీకరణ హక్కు పుట్టదు. బోధన చేసేవారు పారిశ్రామిక వివాదాల చట్టం దృష్టిలో కార్మికులు కారని 1988లో సుందరాంబాళ్ కేసులో అదే కోర్టు చెప్పింది.

అనుభవ గణనలో కూడా ఈ తేడా కనిపిస్తుంది. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ చేసిన కాలాన్ని బోధన, పరిశోధన అనుభవంగా లెక్కించరు. సెలవు పెట్టకుండా బోధన చేస్తూనే పరిశోధన చేసిన కాలం మాత్రం బోధన అనుభవంగా లెక్కకు వస్తుంది. కళాశాలలో పనిచేస్తూ పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేసేవారికి ఈ నిబంధన వర్తిస్తుంది. పూర్తికాలం ఫెలోకు వర్తించదు.

ఫిర్యాదుల పరిష్కారం

పరిశోధక విద్యార్థులు విద్యార్థులే కాబట్టి యూజీసీ 2023లో ప్రకటించిన విద్యార్థి ఫిర్యాదుల నిబంధనలు వారికి వర్తిస్తాయి. ముందుగా సంస్థలోని విద్యార్థి ఫిర్యాదుల సంఘానికీ, అక్కడ తేలకపోతే అంబుడ్స్‌పర్సన్‌కూ వెళ్లవచ్చు. లైంగిక వేధింపుల విషయంలో 2015 యూజీసీ నిబంధనలు ఉద్యోగినులతో పాటు విద్యార్థులకూ రక్షణ కల్పిస్తాయి. ప్రతి సంస్థలో అంతర్గత ఫిర్యాదుల సంఘం ఉండాలి.

ఇతర దేశాలతో పోలిక

స్వీడన్‌లో డాక్టరల్ అభ్యర్థి సాధారణంగా విశ్వవిద్యాలయ ఉద్యోగి. చదువు నాలుగేళ్ల పూర్తికాలానికి సమానం. బోధన వంటి శాఖాపరమైన పని 20 శాతం మించకూడదు. మొదటి నియామకం ఏడాదికి మించకుండా చేసి తర్వాత పొడిగిస్తారు. నార్వేలో మూడేళ్ల ఒప్పందం, లేదా నాలుగో వంతు ఇతర విధులతో నాలుగేళ్ల ఒప్పందం ఇస్తారు. నెదర్లాండ్స్‌లో చాలామందికి విశ్వవిద్యాలయాల సామూహిక వేతన ఒప్పందం వర్తిస్తుంది. జర్మనీలో ప్రభుత్వ రంగ వేతన పట్టికలో 13వ శ్రేణిలో, తరచు పూర్తి ఉద్యోగంలో కొంత భాగానికి నియమిస్తారు. పట్టాకు ముందు కాలపరిమితి ఒప్పందాలు ఆరేళ్లు మించరాదని 2007 చట్టం చెబుతుంది.

బ్రిటన్‌లో ప్రభుత్వ నిధులు పొందే అభ్యర్థులు ఎక్కువగా భృతి పొందే విద్యార్థులే. ఈ విషయంలో భారతదేశ పద్ధతి బ్రిటన్‌కు దగ్గర. అమెరికాలో బోధన సహాయకులు విద్యార్థులే అయినా, ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో వారు సంఘం పెట్టుకోగల ఉద్యోగులేనని జాతీయ కార్మిక సంబంధాల బోర్డు 2016 ఆగస్టులో కొలంబియా విశ్వవిద్యాలయం కేసులో నిర్ణయించింది. భారతదేశంలో 2018లో మొదలైన ప్రధానమంత్రి పరిశోధన ఫెలోషిప్‌లో భృతి మొదటి రెండేళ్లు నెలకు 70,000, చివరి రెండేళ్లు 80,000 రూపాయల వరకు ఉంది. అది ఎంపిక చేసిన సంస్థలకే పరిమితం.

ప్రాముఖ్యం

కళాశాల అధ్యాపక నియామకాలకు కనీస అర్హత నెట్, లేదా రాష్ట్రస్థాయి పరీక్షలైన సెట్, స్లెట్ అని 2023 జూలై 1 నుంచి నిర్ధారించారు, పీహెచ్‌డీ ఐచ్ఛికం. పదోన్నతికీ ఎంపికలో ప్రాధాన్యానికీ పీహెచ్‌డీ విలువ తగ్గలేదు. కోయంబత్తూరు, మదురై కళాశాలల అధ్యాపకులకు పార్ట్‌టైమ్ నమోదు అందుకే ముఖ్యమైన మార్గం. భృతి లేని స్కాలరు, ఫెలో, ప్రాజెక్టు సిబ్బంది ఒకే ప్రయోగశాలలో పక్కపక్కనే పనిచేసినా వారికి వర్తించే పత్రాలు వేరు, సెలవులు వేరు, భద్రత వేరు.

ఈ షరతుల్లో కాలానికి సంబంధించిన రెండు లెక్కలు ఒకదానితో ఒకటి కలవవు. జాతీయ ఫెలోషిప్ ఐదేళ్లతో ముగుస్తుంది. పీహెచ్‌డీ నమోదు ఆరేళ్ల వరకు, తిరిగి నమోదు చేసుకుంటే ఎనిమిదేళ్ల వరకు సాగవచ్చు. ఐదో ఏడు దాటిన తర్వాత పరిశోధక విద్యార్థికి నమోదు మిగులుతుంది గానీ జాతీయ ఫెలోషిప్ భృతి ఉండదు.